పటాన్ని చదివి వినిపించడం

అంధ విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తుంటాను. కథలూ వ్యాసాలూ సాఫీగా సాగిపోతాయి. పటం వచ్చిన చోటే అసలు పని మొదలవుతుంది.

గోదావరి పటమే తీసుకోండి. చూపున్నవాళ్లకు నది మొత్తం ఒక్కసారే కనిపిస్తుంది. ఊర్లూ ఉపనదులూ ఆ తర్వాత. వినేవాళ్లకూ, వేళ్లతో తడిమి తెలుసుకునేవాళ్లకూ వరస తిరగబడుతుంది. ఒక్కో చోటూ తెలుస్తూ పోతే చివరికి నది రూపం కడుతుంది. అందుకే నేను నాసిక్ దగ్గరి త్ర్యంబకంలో మొదలుపెడతాను. తూర్పుకు సాగి, కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకొని, పాపికొండల మధ్య ఇరుకై, ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలి బంగాళాఖాతంలో కలుస్తుందని చెబుతాను. మొత్తం 1,465 కిలోమీటర్లు. రాజమహేంద్రవరం ఎడమ గట్టున, ఎదురుగా కొవ్వూరు కుడి గట్టున అంటే వినేవాళ్ల మనసులో పటం నిలబడుతుంది.

పుట్టు అంధులు తడిమి గుర్తుపట్టే గోళాన్నీ ఘనాన్నీ, చూపు వచ్చిన వెంటనే కంటితో గుర్తుపట్టగలరా? 1688లో ఐర్లండ్ తాత్వికుడు విలియం మోలినో వేసిన ప్రశ్న ఇది. పవన్ సిన్హా మన దేశంలో ప్రారంభించిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో, శస్త్రచికిత్సతో చూపు వచ్చిన పిల్లలను పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. చేత్తో తడిమిన ఆకారం ఏదో ఆ పిల్లలు కంటితో పోల్చుకోలేకపోయారు. మళ్లీ పరీక్షించినవాళ్లలో కొద్ది రోజులకే ఆ నేర్పు బాగా పెరిగింది. చేతి చదువు వేరు, కంటి చదువు వేరు. ఒకటి వస్తే రెండోది దానంతటదే రాదు.

చిన్నప్పుడే చూపు పోయినవాళ్లు బ్రెయిలీ చదువుతున్నప్పుడు మెదడులో చూపుకు సంబంధించిన భాగం కూడా పనిచేస్తుందని 1996లో పరిశోధకులు గుర్తించారు. కళ్లు ఇచ్చే సమాచారం లేకపోయినా ఆ భాగం ఖాళీగా కూర్చోదు, వేళ్లు తెచ్చినదాన్ని అందుకుంటుంది.

అంధులందరి అనుభవమూ ఒకటే అనుకోవడమూ పొరపాటే. పెద్దయ్యాక చూపు పోయినవాళ్లకు రంగుల జ్ఞాపకం ఉంటుంది. పుట్టు అంధులకు కూడా పసుపు ఏ రంగో, పైరు ఏ రంగో నలుగురి మాటల్లో విని తెలుసు. అందుకే బొమ్మ గురించి చెప్పేటప్పుడు నేను రంగులు వదలను.

‘బొమ్మల ప్రశ్నలు నీకెందుకులే, వదిలెయ్’ అని పిల్లలకు చెప్పేవాళ్లు అది దయ అనుకుంటారు. నిజానికి అది చదువులో కోత. మీ ఇంట్లోనో బడిలోనో అంధ విద్యార్థి ఉంటే పటాన్ని దాటేయకండి. ఎక్కడ మొదలవుతుందో, ఎటు తిరుగుతుందో, ఏది ఎంత దూరమో వరసగా చెప్పండి. అడిగితే ఓపిగ్గా మళ్లీ చెప్పండి.