పగిలిన అద్దం

స్త్రీల మీద హింస గురించి పరిశోధన చేసినదాన్ని కనుక నేరకథలంటే నాకు అనుమానమే. ఆడపిల్ల శవమయ్యాకే వాటిలో కథ మొదలవుతుంది. బ్రిటన్‌లో ఐటీవీ 2020లో రెండు భాగాలుగా ప్రసారం చేసిన ‘ఆనర్’ అలాంటిదే.

ఇరాక్ నుంచి లండన్ వలస వెళ్లిన కుర్దు కుటుంబంలోని ఇరవయ్యేళ్ల బనాజ్ మహమూద్‌ను 2006 జనవరిలో తండ్రి, అతని సోదరుడు కలిసి చంపించారు. భర్తను వదిలి, నచ్చినవాణ్ణి ప్రేమించడమే ఆమె నేరం. అయిదుసార్లు పోలీసుల దగ్గరకు వెళ్లింది. చంపుతారనుకున్నవాళ్ల పేర్లు రాసిచ్చింది. 2005 చివరి రాత్రి కిటికీ అద్దం పగలగొట్టుకుని తండ్రి నుంచి తప్పించుకుంటే, ఆమెను నమ్మని మహిళా పోలీసు అద్దం పగలగొట్టినందుకు కేసు పెట్టాలా అని ఆలోచించింది!

నాటకం పోలీసుల తప్పును దాచలేదు. కానీ చుట్టూ తిరిగింది మాత్రం హంతకుల్ని పట్టుకున్న డిటెక్టివ్ కరొలైన్ గూడ్ పట్టుదల చుట్టూనే. కన్నతండ్రికి వ్యతిరేకంగా కోర్టులో సాక్ష్యం చెప్పిన అక్క బెఖాల్‌ది కూడా ఇందులో పక్కపాత్రే. రెండు సంస్కృతుల మధ్య ఆ అక్కచెల్లెళ్లు మోసిన గాయం దర్యాప్తులో ఒక ఆధారంగా మిగిలిపోయింది. దీయా ఖాన్ 2012లో తీసిన డాక్యుమెంటరీలో, పోలీసు టేపులో, బనాజ్ తనే మాట్లాడుతుంది. నాకు ఆ గొంతే కావాలి.

నా వ్యాసాల్లో నేనూ ‘పరువు హత్య’ అనే రాస్తూ వచ్చాను. పరువు హంతకుల మాట. బనాజ్ వాడిన మాట వేరు: నన్ను చంపుతారు.