నలభై కేబీల మారియో

మా దాచేపల్లిలో వేసవి సెలవులంటే చల్లటి నాపబండల మీద బోర్లా పడుకుని, టీవీకి తగిలించిన వీడియోగేమ్‌లో క్యాసెట్ పెట్టి మారియో ఆడడమే. దాన్ని తయారుచేసినవాళ్ల పనితనం తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. 1985లో నింటెండో తెచ్చిన ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లే. ఇప్పుడు ఫోన్లో తీసే ఒక్క ఫొటోకి అంతకెన్నో రెట్లు చోటు కావాలి! ఆటనంతా అంత తక్కువ చోట్లో ఇమడ్చాలి కాబట్టే ఆకాశంలో మబ్బూ నేలమీద పొదా ఒకటే బొమ్మ. తెల్లరంగు వేస్తే మబ్బు, పచ్చరంగు వేస్తే పొద. పరుగులో ఆపితే మారియో టక్కున నిలబడడు, కాస్త జారి ఆగుతాడు. బటన్ నొక్కిపట్టిన కొద్దీ ఇంకాస్త ఎత్తుకు ఎగురుతాడు. ఆ కిటుకు చదువురాని మా నాయనమ్మకి సైతం ఒక్క పూటలో పట్టుబడింది. పుట్టగొడుగు దొరికినప్పుడల్లా "అదుగో, పెద్దోడైపోయాడ్రా!" అని సంబరపడేది.