తక్కువ సూదులే మేలు

క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు రాత్రంతా పడుకున్నా పొద్దున లేచేసరికి ఒళ్లు తేలికపడదు. తలస్నానం చేసినా, అరగంట ఫోన్‌లో మాట్లాడినా ఆ దెబ్బ అప్పటికప్పుడు తెలియదు. మర్నాడో ఆ మర్నాడో మంచాన పడేస్తుంది. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఈ జబ్బును గుర్తుపట్టడానికి పెట్టిన తప్పనిసరి లక్షణాల్లో ఇదొకటి. మామూలు రక్తపరీక్షల్లో ఏమీ తేలదు కనుక, కాస్త నడవమనీ వ్యాయామం చెయ్యమనీ అందరూ సలహాలిస్తారు. బ్రిటన్‌లోనైతే వ్యాయామాన్ని వారం వారం పెంచుకుంటూ పోవడాన్నే చికిత్సగా సూచించేవారు. దానివల్ల మరింత కుంగిపోతున్నామని రోగులు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక, 2021లో అక్కడ వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ ఆ సిఫారసును వెనక్కి తీసుకుంది.

నయం చేసే మందు ఇప్పటికీ లేదు. అందుకే చాలామంది ఆక్యుపంక్చర్ వైపు చూస్తారు. అలా చూడటంలో తప్పులేదు. అక్కడ ఏం దొరుకుతుందో, ఏం దొరకదో తెలిసి వెళ్లాలి.

చైనా వైద్యానికి అలసట కొత్త విషయం కాదు. రెండు వేల ఏళ్ల నాటి ‘హువాంగ్‌డీ నెయ్‌జింగ్’ అనే వైద్యగ్రంథం అతిగా చూడటం, పడుకోవడం, కూర్చోవడం, నిలబడటం, నడవడం ఒక్కొక్కటీ ఒంట్లో దేన్ని దెబ్బతీస్తుందో విడివిడిగా చెబుతుంది. అతిగా పడుకున్నా ప్రాణశక్తి తరుగుతుందట. హాన్ రాజుల కాలం చివర్లో ఝాంగ్ ఝోంగ్‌జింగ్ అనే వైద్యుడు ఒళ్లు డీలాపడే రోగాల గురించి ప్రత్యేకంగా రాశాడు.

ఆక్యుపంక్చర్ వైద్యుడు ముందు రెండు మణికట్ల దగ్గరా మూడేసి వేళ్లతో నాడి చూస్తాడు, నాలుక చూస్తాడు, నిద్ర, ఆకలి, చెమట గురించి అడుగుతాడు. ఆ తర్వాతే సూది. అలసటకు ఎక్కువగా వాడే చోటు జూసాన్లీ. మోకాలి చిప్ప కింద బయటివైపు ఉండే పల్లం నుంచి బెత్తెడు కిందికి, ఎముక అంచు నుంచి ఒక వేలి వెడల్పు పక్కకి ఉంటుంది. ఆ బెత్తెడు వైద్యుడి చేతిది కాదు, రోగిది. ఎవరి ఒంటిని వారి వేళ్లతోనే కొలవాలి. మన ఆయుర్వేదంలోనూ ఇలాంటి స్వాంగుళ ప్రమాణం ఉంది. లోపలి చీలమండకు బెత్తెడు పైన ఒకటి, బొడ్డుకు బెత్తెడు కింద ఒకటి, నడినెత్తిన ఒకటి, నడుము దగ్గర వెన్నుకు అటూ ఇటూ రెండు సాధారణంగా వాడే మిగతా చోట్లు. సూది దాదాపు పావు మిల్లీమీటరు మందం. సరైన చోట దిగితే బరువుగా, కాస్త లాగినట్టు ఉంటుంది. చైనావాళ్లు దాన్ని దెచీ అంటారు. కొందరికి సూది బదులు ఒక మొక్క ఎండుటాకుల పొడిని రగిల్చి, చర్మానికి సెగ తగిలిస్తారు. ఆ మొక్క వినాయక చవితి పత్రిలో మనం వాడే మాచిపత్రికి దగ్గరి చుట్టం.

ఈ జబ్బు విషయంలో ఈ విద్యకున్న అసలు విలువ నాకు మోతాదులో కనిపిస్తుంది. నెయ్‌జింగ్‌లోనే ఒక హెచ్చరిక ఉంది: నాడి మరీ సన్నగిల్లి, ఒళ్లూ శక్తీ రెండూ క్షీణించినవాడికి సూది వెయ్యకూడదు, తియ్యటి మందులతో సంబాళించాలి. సూదుల వైద్యుడికి సూది ఎప్పుడు పక్కన పెట్టాలో ఆ గ్రంథమే నేర్పిందన్నమాట. పదిహేడో శతాబ్దపు జపాన్‌లో సుగియామా వైచీ అనే అంధ వైద్యుడు సూదిని సన్నటి గొట్టంలోంచి తట్టి దించే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు. దానివల్ల చాలా సన్నటి సూదుల్ని పైపైనే, నొప్పి దాదాపు తెలియకుండా వెయ్యడం వీలైంది. చిన్న శ్రమకే కుప్పకూలే ఒంటికి కావలసింది అలాంటి చెయ్యి. మొదటిరోజే ఇరవై సూదులు గుచ్చి వాటికి కరెంటు పెట్టే చోటికి ఈ రోగులు వెళ్లకపోవడమే మంచిది.

పరిశోధనల మాట చెప్పాలి. ఈ జబ్బుకు ఆక్యుపంక్చర్ వాడి జరిపిన పరీక్షలు ఎక్కువగా చైనావే. చాలావాటిలో అలసట తగ్గిందనే తేలింది. అయితే అవి చిన్నవి, వాటి నాణ్యత మీద సమీక్షకులకు అనుమానాలున్నాయి. గుచ్చుకోకుండా లోపలికి ముడుచుకునే ఉత్తుత్తి సూదిని 1998లో తయారుచేశారు. దాంతో పోల్చినా, ఆ స్పర్శకే ఒళ్లు ఎంతో కొంత స్పందిస్తుంది కనుక లెక్క తేల్చడం కష్టం. కాబట్టి జబ్బు పూర్తిగా పోతుందని ఎవరు చెప్పినా నమ్మవద్దు. కొందరికి నిద్ర కుదురుతుంది, ఒళ్లునొప్పులు తగ్గుతాయి. ఏళ్లుగా ఎవరూ నమ్మని మనిషికి అది తక్కువేమీ కాదు.

వెళ్లేముందు థైరాయిడ్, రక్తహీనత, నిద్రలో ఊపిరాగడం లాంటివి లేవని డాక్టరు దగ్గర తేల్చుకోవాలి. సూదులు ఒక్కసారి వాడి పారేసేవే కావాలి. వీపుకూ ఛాతీకీ లోతుగా వేస్తే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం అరుదుగానైనా ఉంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో గంట ప్రయాణించి, ఇంకో గంట వరసలో కూర్చుంటే ఆ శ్రమే రోగిని పడగొడుతుంది. దగ్గర్లో ఉన్నవారినో, ఇంటికి వచ్చేవారినో చూసుకోవాలి. చికిత్స తర్వాత మూడు రోజులు ఒంట్లో ఎలా ఉందో రాసిపెట్టి, మళ్లీ వెళ్లినప్పుడు ఆ కాగితం చూపించాలి. వైద్యుడు దాన్ని చదివి సూదులు తగ్గించాలో, అన్నే ఉంచాలో, ఆ వారానికి అసలు మానేయాలో నిర్ణయించాలి.