పరిశోధనా పత్రికల ఎంపిక: జాబితా చాలునా?

పరిశోధకుడు తన వ్యాసాన్ని ఏ పత్రికకు పంపాలన్న ప్రశ్నకు మన విద్యాసంస్థలలో చాలాకాలం ఒకే జవాబు చెలామణి అయింది: "అది జాబితాలో ఉన్నదా, లేదా?" ఈ జవాబు ఎంత బలహీనమైనదో ఇటీవలి చరిత్రే చెబుతున్నది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం తాను ఆమోదించిన జాబితా నుండి 2018 మే నెలలో 4,305 పత్రికలను తానే తొలగించింది. తర్వాత వచ్చిన 'కేర్' జాబితాను కూడా 2025లో విరమించుకొని, మంచిచెడ్డలు తేల్చే బాధ్యతను విద్యాసంస్థలకే వదిలింది.

ఓపెన్ యాక్సెస్ పత్రికలు, అనగా చందా లేకుండా ఎవరైనా చదువుకోగల పత్రికలు, మనకు ఎంతో మేలు చేయగలవు. 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటన ఆశించినదీ అదే. విద్యను దాచిపెట్టడాన్ని తీవ్రంగా ఖండించిన హదీసులు చదివిన మనకు ఈ ఆశయం కొత్తదేమీ కాదు. అయితే వీటిలో పలు పత్రికలు ఖర్చును పాఠకుని మీది నుండి రచయిత మీదికి మార్చాయి. ఎన్ని వ్యాసాలు అంగీకరిస్తే అంత రాబడి అన్నప్పుడు దురాశకు ద్వారం తెరుచుకుంటుంది. 2013లో 'సైన్స్' పత్రిక తరఫున జాన్ బోహానన్ కావాలనే తప్పులతో అల్లిన ఒక వ్యాసాన్ని 304 పత్రికలకు పంపగా, 157 పత్రికలు దానిని అంగీకరించాయి! మన హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ సమీక్ష విషయంలోనూ, రుసుముల విషయంలోనూ రచయితలను మోసగించిందని 2019లో అమెరికా న్యాయస్థానం తీర్పు చెప్పి, అయిదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని ఆదేశించింది.

ఇందుకు భయపడి ఉచితంగా దొరికే పత్రికలన్నింటినీ అనుమానించడం ఒక అతి. ఐ.ఎస్.ఎస్.ఎన్. సంఖ్య కనిపించగానే నమ్మడం మరొక అతి. ఆ సంఖ్య పత్రిక గుర్తింపుకే గాని నాణ్యతకు సాక్ష్యం కాదు.

మధ్యేమార్గం మన ముహద్దిసులు ఏనాడో చూపారు. ఇబ్ను అబీ హాతిమ్ రచించిన 'అల్ జర్హ్ వత్తాదీల్'ను అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫే. ఉల్లేఖకునిలో వారు ముఖ్యంగా రెండు గుణాలు చూసేవారు: అదాలత్, జబ్త్, అనగా నీతినిజాయితీ, ఖచ్చితత్వం. పత్రికకూ ఇవే వర్తిస్తాయి. సంపాదకులు నిజంగా ఉన్నారా? తమ పేరు అందులో ఉన్నట్లు వారికి తెలుసా? రుసుము ముందుగానే ప్రకటించారా? ఇది నిజాయితీ పరీక్ష. వ్యాసాన్ని ఆ విషయం తెలిసినవారు పరిశీలిస్తున్నారా? తప్పు బయటపడితే సవరిస్తున్నారా? పాత సంచికలు భద్రంగా ఉన్నాయా? ఇది ఖచ్చితత్వ పరీక్ష. వీటన్నింటికంటే ముందు, అందులో వచ్చిన నాలుగు వ్యాసాలు స్వయంగా చదవాలి. రెండు రోజులలో అంగీకారం ఇస్తామనే పత్రికలో సమీక్ష జరిగే అవకాశమే లేదు.

జాబితాలు సహాయకారులు మాత్రమే. 2003లో స్వీడన్‌లో ఆరంభమైన డి.ఓ.ఏ.జె. పట్టిక 2014లో నియమాలు బిగించి, 2016లో మూడు వేలకు పైగా పత్రికలను తొలగించింది. తనను తాను సరిదిద్దుకునే పట్టికకు కొంత విలువ ఇవ్వవచ్చు. అయినా అంతిమ నిర్ణయం పరిశోధకునిదే.

వార్త తెచ్చినవాడు నమ్మదగనివాడైతే విచారించి తెలుసుకోమని సూరహ్ హుజురాత్ ఆదేశిస్తున్నది. హదీసు గురించో, ఫిఖ్హ్ గురించో పరిశీలన లేకుండా అచ్చయిన ఒక పొరపాటు, ఎవరికైనా ఉచితంగా అందుతుంది గనుకనే, మరింత దూరం ప్రయాణిస్తుంది. పదోన్నతి కోసం అటువంటి పత్రికను ఆశ్రయించేవారు విద్య ఒక అమానత్ అని మరువరాదు.