పెట్టె మారిన యంత్రము

నిన్నటివరకు నిర్విఘ్నముగా పనిచేయుచుండిన కంప్యూటరును, పాత క్యాబినెట్టు తుప్పుపట్టినదనియో లోపల గాలి యాడుట లేదనియో, ఒక్కొక్క భాగమే విప్పి క్రొత్త పెట్టెలోనికి మార్చి, స్క్రూలన్నియు బిగించి మీట నొక్కినప్పుడు అది పలుకకున్నచో, అనుమానము ముందుగా పోవునది మదర్‌బోర్డు మీదికే. ఆ అనుమానమే మన సీమలో ఎన్నో మంచి బోర్డులను పాతసామానుల అంగడికి చేర్చినదని నా దృఢవిశ్వాసము.

ఇటీవల బేతంచెర్లలో నాపరాళ్ళకు పాలిషు పట్టు ఒక చిన్న ఫ్యాక్టరీలో, లెక్కలు వ్రాయు గదియందు ఇట్టిదే చూచితిని. పాత పెట్టెలో ఫ్యాను రెక్కలు మొదలు హీట్‌సింకు సందులవరకు రాతిపొడి గడ్డకట్టియుండగా, యజమాని కుమారుడు కర్నూలునుండి క్రొత్త క్యాబినెట్టు తెచ్చి, ఓపికగా దుమ్ము దులిపి, అన్నియు తానే మార్చినాడు. మీట నొక్కగా ఫ్యాను పావుచుట్టు తిరిగి నిలిచిపోయెను. “బోర్డు పోయినట్లుండాది సార్, కొత్తది వేయాల్సిందేనా?” అని దిగులుతో అడిగెను.

ఆ పావుచుట్టు గమనింపదగినది. ఎక్కడనో షార్టగుచున్నదని గుర్తించి ఎస్‌ఎంపీఎస్ తన్ను తాను ఆపుకొను తీరది. బోర్డే కాలియుండుటయు అసంభవము కాదు గాని, నిన్న నడచినదానిని నేడు చేయి తాకినప్పుడు, ఆ చేయి తాకిన చోటులనే ముందుగా శంకించుట న్యాయము. కావున బోర్డును బయటికి తీసి, అట్టపెట్టె మీద పరచి, ప్రాసెసరును, దాని ఫ్యానును, ఒక్క ర్యామును, ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రమే ఉంచి, పవర్ స్విచ్చి తగిలించు రెండు పిన్నులను స్క్రూడ్రైవరు మొనతో క్షణకాలము కలిపితిమి. ఫ్యాను నిండుగా తిరిగెను. తెరమీద అక్షరములు వచ్చెను. కుఱ్ఱవాని ముఖమున ప్రాణము లేచివచ్చినది.

బయట నడచి లోపల నడవని యెడల దోషము పెట్టెలోనే కలదు. అడుగురేకునకు తగులనీయక బోర్డును ఎత్తి నిలుపుటకు చిన్న ఇత్తడి స్టాండాఫ్‌లు బిగింతురు. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ కొలతలను ప్రకటించిన నాటినుండి వాని స్థానములు నియతములే. అయినను పెద్ద బోర్డునకు సాధారణముగా 9 రంధ్రములుండగా చిన్న బోర్డునకు అంతకన్న తక్కువ యుండును. పెద్దదానికై ముందే బిగించియున్న స్టాండాఫ్ ఒకటి, రంధ్రము లేని చోట ఈ చిన్న బోర్డు వీపునగల టంకపు చుక్కలను తాకుచుండెను. దానిని విప్పి తీయుటతో పీడ వదలినది.

అన్నిచోట్ల ఇదియే కారణము కాదు. ప్రాసెసరు ప్రక్కన 12 వోల్టులిచ్చు 4 లేక 8 పిన్నుల ప్లగ్గును మఱచుట, ర్యాము పూర్తిగా కూర్చొనకపోవుట, ముందు ప్యానెలు వైర్లు తారుమారగుట తరచు కనబడును. అన్నియు ఒక్కసారి తగిలించి చూచువానికి ఏది దోషియో తెలియదు. ఒక్కటొక్కటిగా చేర్చుచు ప్రతిసారి మీట నొక్కి చూచువానికి దాగుచోటు దానంతట అదే బయటపడును.

కర్నూలు, కడప ప్రాంతములకు విశేషించి చెప్పవలసినది ఎర్తును గూర్చి. ఎండకాలపు పొడిగాలిలో స్టాటిక్ కరెంటు మన యొడలినే ఆశ్రయించియుండును. చిప్పులను చెఱచుటకు మనకు తెలియకుండ జాఱు చిటికె చాలును. ఎర్తయిన లోహమును ముందుగా తాకవలెనందురు గాని, గోడప్లగ్గు మూడవ రంధ్రము వెనుక నిజముగా ఎర్తు ఉండవలెను గదా! అది లేనిచోట ఎస్‌ఎంపీఎస్ లోని ఫిల్టరు కెపాసిటర్ల మూలమున 230 వోల్టులలో సుమారు సగము క్యాబినెట్టు రేకు మీద నిలుచును; ప్రవాహము స్వల్పమైనను చేయి జివ్వుమనును, టెస్టరు వెలుగును. బేతంచెర్ల యంత్రమునకును ఆ లక్షణమే యుండెను.

పెరటిలోని ఎర్తుగుంత మూత తీసి చూడగా లోపలి మన్ను బీటలువారి యుండెను. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంతయైనను తడి లేనిచో కరెంటును నేలలోనికి దింపలేదు. బిందెలతో నీరు పోయించి, సడలియున్న తీగను బిగించి, మరల టెస్టరు ఆనించితిమి, వెలుగలేదు. వేసవి ముగియువరకు వారమున కొకమారు ఆ గుంతకు నీళ్ళు పోయవలెనని చెప్పగా, అతడు ఆ పనిని రాళ్ళకు నీళ్ళు పట్టు మేస్త్రీకి అప్పుడే పురమాయించెను.