మానే కడపటి పూలు

ఇంప్రెషనిస్టుల ఎనిమిది ప్రదర్శనలలో ఒక్కదానియందును పాల్గొనకపోయినను, వారికి అగ్రజుడని పేరొందిన ఎదువార్ మానే 1883 ఏప్రిల్ 30వ తేదీన పారిస్‌లో మరణించినాడు. కాలు తొలగించి అప్పటికి కొద్ది దినములే. అంతకు ముందరి నెలలలో, నిలిచి పెద్ద చిత్రములు వేయు శక్తి సన్నగిల్లినప్పుడు, పరామర్శకు వచ్చిన మిత్రులు తెచ్చిన పూలను చిన్న చిన్న పటములుగా చిత్రించినాడు. ఈ కథ తెలిసినవారు ఆ పూలలో మృత్యుచ్ఛాయను వెదకుట పరిపాటియైనది. పటము మాత్రము వారికి సులభముగా సాక్ష్యము చెప్పదు.

ఓర్సే మ్యూజియంలోని కార్నేషన్, క్లెమాటిస్ పూల చిత్రమునే చూడవచ్చును. ఎత్తు అరమీటరుకు కొంచెము ఎక్కువ. స్ఫటికపు గాజుపాత్రలో ఊదారంగు క్లెమాటిస్‌లు, గులాబివన్నె కార్నేషన్లు. వెనుక ఉన్నది గోడయో, ఆకాశమో తేలదు. నీలిజాడగల బూడిదవన్నె మాత్రమే. ఆ వన్నెకు చుట్టమైన ఊదా అందులోనికి ఒదిగిపోవును; చుట్టరికము లేని గులాబివన్నె ముందుకు వచ్చును. నీడలకంటె ఈ పొత్తు పొరపొచ్చెముల వల్లనే పూలకు దూరము, దగ్గర ఏర్పడినవి. అచ్చుప్రతులలో మొదట పోవునది ఈ బూడిదవన్నెయే. అది పోయినచో మిగులునది శుభాకాంక్షల కార్డు.

17వ శతాబ్దపు డచ్చి చిత్రకారులు చీకటి తెరపై, ఒకే ఋతువున పూయని పూలను ఒకే కూజాలో కూర్చి, రేకురేకును తీర్చినారు. కొందరు ప్రక్కన కపాలమునో, గడియారమునో ఉంచి అనిత్యతను జ్ఞాపకము చేసినారు. ఇక్కడ అట్టి హెచ్చరిక లేదు. ఉన్నది పగటివెలుగు. అది రేకులపై కంటె గాజులోని నీటియందే ఎక్కువగా నిలిచినది. దగ్గరకు పోయినచో, ఒకదానితో ఒకటి కలియని ఆకుపచ్చ గీతలు. రెండడుగులు వెనుకకు వేసినచో, తేటనీటిలో విరిగినట్లు కనిపించు కాడలు. ఆ గీతలలో తొందర ఉన్నది, తడబాటు లేదు.

ఇంతకును, 1864లో, ముప్పదిరెండేండ్ల వయసున మానే వేసిన పియొనీ పూల వెనుక చీకటి ఉన్నది. పాత్ర పాదమున రాలిన రేకులున్నవి. యౌవనమున రాలుటను చూచిన కన్ను అవసానమున వెలుగును చూచినది. ఆదికవి శోకమే శ్లోకమైనదన్న మాటను వ్యాఖ్యానించుచు, ఆ శోకము మునికి సొంతమైన దుఃఖమని తలంపరాదని అభినవగుప్తుడు హెచ్చరించినాడు. మానే విమర్శకులలో పలువురకు ఆ హెచ్చరిక అక్కరకు వచ్చును.

బెర్లిన్‌లోని తెల్ల లైలాక్ చిత్రమున మరల చీకటి తెరయే గదా అని వారు అడుగవచ్చును. నిజమే. కాని అచట తెలుపు ఒక్క తెలుపు కాదు: బూడిద, లేతపచ్చ కలిసిన తెలుపులు. వాని క్రింద, గాజు అడుగున, నీరు వెలుగుచునే ఉన్నది.