పైరసీ చర్చలో ‘దొంగ’ రూపకం : ఒక విమర్శనాత్మక పరిశీలన

2025 నవంబరులో ఐబొమ్మ వెబ్‌సైటు నిర్వాహకుడన్న ఆరోపణపై ఒక వ్యక్తిని హైదరాబాదు సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు తెలుగు సమాజం రెండు గొంతులతో మాట్లాడింది. సినీ పరిశ్రమ పెద్దలు పోలీసులను అభినందించారు. సామాజిక మాధ్యమాల్లో మాత్రం అతణ్ణి పేదవాడికి సినిమా చూపించిన రాబిన్‌హుడ్‌గా కీర్తించినవారు తక్కువేమీ కాదు. ఒక పక్షం దొంగ అన్నది. రెండో పక్షం మంచి దొంగ అన్నది. ఇంత వైరంలోనూ ఇరుపక్షాలూ ఒకే రూపకంలో నిలబడి వాదించుకున్నాయన్న సంగతి అంతగా చర్చకు రాలేదు. ఆ రూపకం దేన్ని చూపిస్తున్నది, దేన్ని కప్పివేస్తున్నది, ప్రతిలేఖనాన్ని గురించి తెలుగు సాహిత్య సంప్రదాయానికి ఉన్న ఎరుకతో అది ఎంతవరకు పొసగుతుంది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు. దోషనిర్ణయం న్యాయస్థానం పని. ఇక్కడ విచారణకు వచ్చింది మాట మాత్రమే.

ముందుగా పత్రికాభాషను చూద్దాం. ‘పైరసీ’ తెలుగులో అనువాదానికి లొంగని మాటగానే ఉండిపోయింది. మూలార్థాన్ని అనుసరించి ‘ఓడదొంగతనం’ అంటే నవ్వు వస్తుంది. అందువల్ల ఆ ఆంగ్లపదాన్ని అలాగే ఉంచి దాని పక్కన ‘భూతం’, ‘రక్కసి’, ‘మహమ్మారి’ వంటి మాటలు చేర్చడం శీర్షికల్లో పరిపాటి అయింది. భూతానికి ఊరూ పేరూ ఉండవు. దాన్ని వదిలించాలే తప్ప అర్థం చేసుకోనక్కరలేదు. థియేటరులో కెమెరా పెట్టినవాడు, ఆ ప్రతిని సర్వరులోకి ఎక్కించినవాడు, దాని పక్కన ప్రకటనలు వేసి ఆదాయం పొందినవాడు, ఇంట్లో మంచం మీద పడుకొని చూసినవాడు – ఈ నలుగురినీ ఒకే ఆకారంలో కలిపివేయడం ఈ మాటల వల్ల సాధ్యమైంది.

చట్టం ఇలా కలపలేదు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం థియేటరులో అక్రమంగా రికార్డు చేయడాన్నీ, అటువంటి ప్రతిని లాభాపేక్షతో బహిరంగంగా ప్రదర్శించడాన్నీ వేర్వేరు సెక్షన్లలో నిషేధించింది. కనీసం 3 నెలలు, గరిష్ఠంగా 3 సంవత్సరాల జైలుశిక్షను, 3 లక్షల రూపాయలకు తగ్గకుండా చిత్రనిర్మాణ స్థూలవ్యయంలో 5 శాతం వరకు పెరిగే జరిమానాను విధించింది. ఇంట్లో చూసే ప్రేక్షకుణ్ణి ఆ సెక్షన్లు పేర్కొనవు. 2019లో ఢిల్లీ హైకోర్టు, ఒక వెబ్‌సైటును మూస్తే అదే సరుకుతో పుట్టుకొచ్చే నకలు సైట్లకు కూడా వర్తించేలా నిషేధాజ్ఞ ఇచ్చే పద్ధతిని మన దేశంలో ప్రవేశపెట్టింది. అంటే న్యాయవ్యవస్థ దారులను చూస్తున్నది. పత్రికాభాష దయ్యాన్ని చూస్తున్నది.

స్ట్రీమింగు పరికరాలు వచ్చాక ‘దొంగ’ మాట ఇంకా ఇబ్బందిలో పడింది. సీడీల కాలంలో నకలు ఒక వస్తువు. పట్టుకోవచ్చు, రోడ్డు రోలరు కింద వేసి తొక్కించవచ్చు, ఆ ఛాయాచిత్రాన్ని పత్రికలో వేయవచ్చు. టీవీకి తగిలించే చిన్న పెట్టెలో అలాంటి వస్తువేదీ లేదు. ఎక్కడో ఉన్న ప్రవాహానికి అది ఒక తూము. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2017లో ‘ఫిల్మ్‌స్పేలర్’గా ప్రసిద్ధమైన వ్యాజ్యంలో తేల్చవలసి వచ్చింది ఈ చిక్కునే. అక్రమ ప్రసారాలకు దారితీసే లంకెలను ముందుగానే అమర్చిన పెట్టెలను ఒక వర్తకుడు అమ్మాడు. అతడు ఏ సినిమానూ నకలు చేయలేదు, తన దగ్గర ఉంచుకోలేదు. అయినా అటువంటి పెట్టెను అమ్మడమే కృతిని ప్రజలకు అందించడం కిందికి వస్తుందని న్యాయస్థానం నిర్ణయించింది. గమనించవలసింది ఏమంటే, ఆ తీర్పు ఆధారపడింది ‘అపహరణ’ భావన మీద కాదు, ‘అందించడం’ అనే భావన మీద. తెలుగులో మనం ఇప్పటికీ ‘సినిమాను దొంగిలించారు’ అనే వాక్యాన్నే వాడుతున్నాం. ఈ వాక్యంలో కర్మకారకం ఏమిటో చెప్పడం ఏ వ్యాకరణవేత్తకూ సులభం కాదు. సినిమా యజమాని దగ్గర సినిమా అలాగే ఉంది మరి.

రెండో పక్షం వాదానికి పునాది వేసింది మన సినిమాయే. 1955 నాటి ‘దొంగరాముడు’లో కథానాయకుడు చిన్ననాట తల్లికి మందు కోసం దొంగతనం చేస్తాడు. ‘గజదొంగ’ (1981), ‘అడవిదొంగ’ (1985), ‘కొండవీటి దొంగ’ (1990) అన్న పేర్లలోనే దొంగ అగ్రకథానాయకుడి బిరుదు అయ్యాడు. ఉన్నవాడి దగ్గర గుంజి లేనివాడికి పెట్టేవాడికి చప్పట్లు కొట్టడం ప్రేక్షకులకు నేర్పింది ఈ పరిశ్రమే. పెద్ద చిత్రాలకు తొలిరోజుల్లో టికెట్టు ధర పెంచుకోవడానికి ప్రభుత్వాలు ప్రత్యేక ఉత్తర్వులు ఇస్తున్న కాలంలో, అదే ప్రేక్షకులు అదే కథను పరిశ్రమకే తిప్పి చెప్పారు. ఐబొమ్మ అన్న పేరులో ఉన్నది కూడా ఇంటిభాషే. ‘బొమ్మ పడింది’, ‘బొమ్మ అదిరింది’ అంటూ నేలటికెట్టు ప్రేక్షకుడు సినిమాకు పెట్టుకున్న పేరు అది. చెల్లింపు వేదికలలో అంత చనువైన పేరు పెట్టుకున్నది కనబడదు.

అయినా ఈ కథను విమర్శకుడు యథాతథంగా స్వీకరించడానికి వీలులేదు. కొండవీటి దొంగ తాను పంచినదాని పక్కన ప్రకటనలు అమ్ముకోలేదు. ఐబొమ్మ వ్యవహారంలో బెట్టింగు యాప్‌ల ప్రచారం కూడా ఉన్నదని పోలీసులు ఆరోపించారు. ఆ ఆరోపణ రుజువైతే, ఉచితంగా పంచినట్టు కనిపించిన చోట ప్రేక్షకుడే సరుకుగా అమ్ముడుపోయినట్టు. అంతకన్నా మౌలికమైన లోపం మరొకటి ఉంది. మంచి దొంగ కథలో దోపిడీకి గురయ్యేవాడు తప్పక చెడ్డ ధనవంతుడై ఉండాలి. ఏ తారా లేని చిన్న చిత్రం విడుదలైన రోజే ప్రతి బయటికి వస్తే ఆ పాత్రకు ఎవరిని నిలబెడతారు? అగ్రతార చిత్రానికి నకలు ఒక్కోసారి పెద్దగా హాని చేయదు. 2013లో ‘అత్తారింటికి దారేది’ చిత్రంలో పెద్ద భాగం విడుదలకు ముందే అంతర్జాలంలోకి వచ్చింది. విడుదలను సెప్టెంబరు 27కు ముందుకు జరిపారు. చిత్రం ఘనవిజయం సాధించింది. అభిమానుల ఆగ్రహమే దానికి ప్రచారమైంది. అటువంటి అభిమానగణం లేని చిత్రానికి ఆ అదృష్టం ఉండదు.

ఇక మన సాహిత్య సంప్రదాయం చౌర్యం అన్న మాటను దేనికి వాడిందో చూడవలసి ఉంది. రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో శబ్దహరణాన్నీ అర్థహరణాన్నీ ప్రత్యేకంగా చర్చించి, ప్రతిబింబకల్పం, ఆలేఖ్యప్రఖ్యం, తుల్యదేహితుల్యం, పరపురప్రవేశసదృశం అని భేదాలు చేశాడు. ఆ చర్చ అంతా ఒక కవి మరొక కవి నుండి తీసుకోవడాన్ని గురించినదే. తాళపత్రం చూసి మరొక తాళపత్రం వ్రాసుకున్న లేఖకుడు అందులో ఎక్కడా నేరస్థుడు కాడు. తెలుగులో ‘వసుచరిత్ర’ను అనుకరించిన ప్రబంధాలను ‘పిల్లవసుచరిత్రలు’ అని ఎద్దేవా చేశారు. ‘వసుచరిత్ర’కు ప్రతి వ్రాసుకున్నవాణ్ణి ఎవరూ ఎద్దేవా చేయలేదు. ఈ ప్రమాణంతో చూస్తే పరభాషా చిత్రకథను చెప్పకుండా తీసుకొని ‘స్ఫూర్తి’ అని సర్దుకోవడమే అసలైన చౌర్యం అవుతుంది. దానికి ‘ఫ్రీమేక్’ అన్న మాటను పుట్టించి ప్రేక్షకులు ఆ పాత వివేకాన్ని తెలియకుండానే నిలబెట్టారు.

అప్పకవి చెప్పిన కథ ఈ సందర్భంలో మరింత విలువైనది. నన్నయ భీమకవి ‘రాఘవపాండవీయా’న్ని అణచివేశాడట; దానికి ప్రతీకారంగా భీమకవి నన్నయ ‘ఆంధ్రశబ్దచింతామణి’ని గోదావరిలో కలిపాడట; అంతకుముందే దాన్ని కంఠస్థం చేసిన సారంగధరుడి ద్వారా ఆ గ్రంథం మళ్లీ లోకానికి దక్కిందట. చారిత్రకంగా ఈ కథ నిలవదని, ఆ గ్రంథకర్తృత్వమే సందేహాస్పదమని పండితులు ఎంత చెప్పినా, కథలోని నీతివ్యవస్థ మాత్రం స్పష్టం. ఇందులో అపరాధం ప్రతిని లేకుండా చేయడం. గ్రంథాన్ని రక్షించినది ఎవరి అనుమతీ అడగని ఒక జ్ఞాపకప్రతి.

అయితే ఈ కథను నేటి పైరసీకి సమర్థనగా తీసుకోవడం తొందరపాటు. ఆనాటి కవికి ప్రతిఫలం ప్రతుల అమ్మకం నుండి రాలేదు. కృతిభర్త నుండి వచ్చింది. కృతిని కన్యగా, స్వీకరించినవాణ్ణి భర్తగా భావించిన వ్యవస్థలో ఎన్ని ప్రతులు పుడితే కవికీ కృతిపతికీ అంత కీర్తి. అచ్చుయంత్రం వచ్చాక ఈ సంబంధం తలకిందులైంది. పాత తెలుగు పుస్తకాల ముఖపత్రాల మీద కనిపించే ‘సర్వస్వామ్యసంకలితము’ అన్న సమాసం ఆ మార్పుకు సాక్ష్యం. కృతికి భర్త పోయి స్వామి వచ్చాడు. సినిమా ఈ రెండో వ్యవస్థలో పుట్టిన కళ. పైగా దాని ప్రతిఫలం చాలావరకు తొలి వారాల మీద ఆధారపడి ఉంటుంది. ఆ వారాల్లో బయటికి వచ్చిన నకలు చేసే నష్టానికి మన అలంకారశాస్త్రంలో పేరు లేదు. దాన్ని ‘ప్రతిఫలభంగం’ అనడం ‘దొంగతనం’ అనడం కన్నా నిర్దుష్టమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. భంగం అన్నప్పుడు ఎంత, ఎవరికి, ఎప్పటివరకు అన్న ప్రశ్నలకు చోటుంటుంది. దొంగ అన్నాక ఆ ప్రశ్నలు అడిగేవాడే దొంగ పక్షం అయిపోతాడు.

ఈ ప్రశ్నల్లో ‘ఎప్పటివరకు’ అన్నది సాహిత్య పరిశోధకులకు దూరపు విషయం కాదు. భారతీయ చట్టం ప్రకారం సినిమాపై హక్కు విడుదల తరువాత 60 సంవత్సరాలు, గ్రంథంపై రచయిత మరణానంతరం 60 సంవత్సరాలు ఉంటుంది. 1979లో మరణించిన చలం రచనలు 2039 చివరి వరకు, 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలు 2043 చివరి వరకు ఆ రక్షణలో ఉంటాయి. ఆ తరం రచయితలవి అచ్చులో లేని పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. వాటిని తెలుగు శాఖల్లో పరిశోధకులు చదువుతున్నది ఎక్కువగా ఎవరో స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్ ప్రతుల్లోనే. ఆ ప్రతి ఎవరు చేశారు, ఎవరి అనుమతితో చేశారు అని సిద్ధాంతగ్రంథాల మౌఖికపరీక్షలో అడిగే ఆచారం లేదు. అదే పరిశోధకులు సినిమా పైరసీని గురించి సదస్సుల్లో మాట్లాడేటప్పుడు మాత్రం భూతం, రక్కసి వంటి మాటలు సునాయాసంగా వస్తాయి. ఆ మౌనానికీ ఈ ఆగ్రహానికీ పొంతన లేదు.

సినిమా విషయంలో పరిస్థితి మరింత దారుణం. 1931లో వచ్చిన ‘ఆలం ఆరా’ ప్రతి ఒక్కటీ మిగలలేదు. అదే సంవత్సరం హెచ్.ఎం. రెడ్డి తీసిన, తెలుగు మాట వినిపించిన ‘కాళిదాస్’ కూడా మనకు దక్కలేదు. ఆ చిత్రాలపై స్వామ్యం ఉన్నవారు ఒకప్పుడు ఉండేవారు. ప్రతిని కాపాడినవారే లేరు. నేటి వేదికల్లోనూ ఒప్పందం ముగిసిన రోజున చిత్రం చెప్పకుండా మాయమవుతుంది. చందాదారు చేతిలో మిగిలేది ఏమీ లేదు. టీవీ ప్రసారాల్లోనూ యూట్యూబు ప్రతుల్లోనూ పాటలు, హాస్యసన్నివేశాలు కోసివేసిన పాత చిత్రాలు తరచు కనిపిస్తాయి. ఇవన్నీ చట్టబద్ధమైన ప్రతులే. పాఠపరిష్కర్త దృష్టిలో ఇవి గ్రంథపాతాలున్న ప్రతులు. సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, పండితుల చేత సరిచూపించి, శుద్ధప్రతి వ్రాయించింది ఇటువంటి లోపాలను పూడ్చడానికే. సినిమాకు ఆ పని చేయవలసి వస్తే పరిష్కర్త ముందు ఉండేవి కోతపడిన అధికారిక ప్రతి ఒకటి, పాత వీడియో క్యాసెట్టు నుండి ఎవరో అభిమాని ఎక్కించిన మసక ప్రతి మరొకటి. ఆ రెండోదాన్ని దొంగప్రతి అని పక్కన పెడితే పాఠనిర్ణయం జరగదు.

విడుదలైన వారానికి బయటపడిన నకలునూ, నలభై ఏళ్లనాటి క్యాసెట్టు ప్రతినీ ఒకే మాటతో పిలవడం వల్ల మొదటిదానికి లేని గౌరవం, రెండోదానికి లేని దోషం అంటుకుంటున్నాయి. సినిమాల మీద జరిగే పరిశోధనల్లో చిత్రం పేరు, సంవత్సరం ఇచ్చి సరిపెట్టడం నేటి పద్ధతి. తాళపత్రప్రతుల విషయంలో భాండాగార సంఖ్యతో సహా పేర్కొనే శాఖలు, చిత్రం విషయంలోనూ చూసిన ప్రతి ఏ వేదికలోది, ఎంత నిడివిది, ఏ తేదీన చూసినది, అందులో ఏ భాగాలు లోపించాయి అన్న వివరాలను అడగడం మొదలుపెట్టాలి. అధికారిక ప్రతి లభించక మరొకదాన్ని వాడితే ఆ సంగతీ అక్కడే వ్రాయాలి.